సబ్బుతో కడిగిన గొట్టాలు

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. ఒకరోజు డ్యూటీలో ఉండగా డ్రెస్సింగ్ గదిలో తెర చాటుకి వెళ్ళి, నా జడ రిబ్బను నా చేతికే బిగించి, నా రక్తం నేనే తీసుకున్నాను. నాకు జబ్బేమీ లేదు. నన్ను ఏ పామూ కరవలేదు. పాము కరిచిన మనిషి పక్క వార్డులో మూడో మంచం మీద ఉన్నాడు. ఈ సంగతి డాక్టరుగారికి చెప్పలేదు, మా అమ్మకి చెప్పలేదు, అన్నీ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. ఆ రోజు పేజీలో "ఈ రోజు మాట్లాడాను" అని ఒక్క వాక్యం మాత్రం ఉంది. ఆ వాక్యం రాసినప్పుడు నాకు నేనే దండ వేసుకున్నంత గర్వపడ్డాను.

రెండువేలు దాటి ఒకటి రెండేళ్ళయిన రోజులవి. నర్సింగు చదువు పూర్తయి, టెక్కలికీ పలాసకీ మధ్య రోడ్డు పక్కనే ఉన్న ఓ చిన్న ప్రభుత్వాసుపత్రిలో కొత్తగా చేరాను. ఊరి పేరు చెప్పను. చెబితే ఆ డాక్టరుగారు ఇది చదివి నన్ను గుర్తుపడతారు. మా నాన్నది టెక్కలిలో ఆఫీసు ఉద్యోగం. నేను రోజూ పొద్దున్నే మొదటి బస్సు ఎక్కేదాన్ని. సంచిలో టిఫిన్ డబ్బా, ఒక నవల, డైరీ. కిటికీ పక్క సీటు దొరికితే నవల, దొరక్కపోతే కునుకు.

నేను మాట్లాడే పిల్లను కాను. కాలేజీలో హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్" అనడానికే గొంతు సవరించుకోవలసి వచ్చేది, ఆ సవరించుకునేలోగా నా తర్వాత నంబరు కూడా పిలిచేసేవారు. ఆస్పత్రిలో చేరిన మొదటి నెలంతా డాక్టరుగారికి చెప్పవలసినవి చీటీల మీద రాసి ఆయన బల్ల మీద పెట్టాను. "నాలుగో మంచం వాళ్ళకి జ్వరం తగ్గింది." "సెలైన్ సీసాలు ఆరే ఉన్నాయి." ఆయన చదివి, నావైపు చూసి, "రెండడుగుల దూరంలో నిలబడి ఉత్తరం రాస్తావేంటమ్మా? స్టాంపు కూడా అంటించకపోయావా?" అనేవారు. అందుకు జవాబు కూడా రాసిద్దామనిపించేది.

నా లోటుని పూడ్చడానికన్నట్టు మా ఆస్పత్రిలో ఒక ఆయా ఉండేది. కోటబొమ్మాళి మనిషి. డాక్టర్లు వచ్చారు, వెళ్ళారు, ఆవిడ మాత్రం అక్కడే ఉంది. ఆవిడ గొంతు వరండా ఈ చివర మొదలైతే ఆ చివర రోగులు లేచి కూర్చునేవారు.

తొలకరి పడిందంటే మాకు పాము కేసులు మొదలు. వరి మళ్ళలోంచి, జీడితోటల్లోంచి, ఉద్దానం కొబ్బరితోటల్లోంచి ఆటోల్లో, సైకిళ్ళ మీద వచ్చేవారు. కొందరు చంపిన పాముని కూడా పాలక్యానులోనో గోనెసంచిలోనో పట్టుకొచ్చేవారు. ఆయా రోగి కంటే ముందు పాముని చూసేది. చీపురుకట్టతో తిరగేసి, "ఇది ఉత్త నీరుకట్టు. నీకేటీ అవదు. టీ తాగి ఇంటికి పో," అని తీర్పు చెప్పేసేది. డాక్టరుగారు ఆవిడను కసిరి, మళ్ళీ తనూ ఆ పాము వైపు వంగి చూసేవారు.

పాము కనబడని కేసుల్లో రక్తమే సాక్ష్యం. కాస్త రక్తం తీసి గాజు గొట్టంలో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా నిలబెట్టాలి. తర్వాత మెల్లిగా వంచి చూడాలి. పెరుగులా తోడుకుని గొట్టాన్ని అంటిపెట్టుకుని ఉంటే మంచిదే. నీళ్ళలా జారితే రక్తపింజరి విషం ఎక్కిందని అర్థం. అప్పుడు ఫ్రిజ్‌లో ఉన్న విరుగుడు మందు ఎక్కించాలి. ఆ మందు మాకు ఎప్పుడూ పదీ పన్నెండు సీసాలకి మించి ఉండేది కాదు. ఒక్క మనిషికే పది సీసాలు పడుతుంది.

ఇప్పుడు నా సబ్బు సంగతి.

మా అమ్మ పురోహితుల ఇంటి ఆడపడుచు. మా ఇంట్లో తోమిన గ్లాసు మీద వేలు పెట్టి రాస్తే కీచుమనాలి. అనకపోతే మళ్ళీ తోమాలి. ఆ ఇంట్లో పెరిగిన నేను ఆస్పత్రిలో గాజు గొట్టాలు చూసి తట్టుకోలేకపోయాను. ఆయా వాటిని ఉత్త నీళ్ళతో రెండుసార్లు జాడించి, కిటికీ గట్టు మీద ఎండలో బోర్లించేది. అంతే. నా కంటికి అవి మసకగా, జిడ్డుగా కనిపించేవి. ఒక సోమవారం మధ్యాహ్నం పని లేనప్పుడు బకెట్లో సబ్బుపొడి కలిపి, సన్నటి బ్రష్షుతో ఒక్కో గొట్టాన్నీ నురగ వచ్చేలా తోమాను.

ఆయా నడుం మీద చేతులు వేసుకుని చూసింది. "ఏటమ్మడూ అది? మీ మామ్మ మడి ఇక్కడ కూడా ఎట్టేత్తావేటి?"

"మురిగ్గా ఉన్నాయి," అన్నాను గొణుగుతూ.

"ఇరవయ్యేళ్ళ నుంచి నాను నీళ్ళతోనే కడుగుతన్నాను. ఇప్పుడు సబ్బొచ్చింది మారాణీకి!" అని, గట్టు మీద మిగిలిన మూడు గొట్టాలూ తీసి కొంగులో పెట్టుకుంది. "ఈ మూడూ నావి. ఈటి జోలికి రాకు." తీసుకెళ్ళి తన సామాను ఉండే బీరువా అడుగు అరలో దాచేసింది. నేను నవ్వుకున్నాను. నా గొట్టాలు ఎండలో మిలమిలలాడుతున్నాయి.

మర్నాడు మంగళవారం పొద్దున్న తొమ్మిది గంటలకి ఒక ఆటో లోపలికి వచ్చేసింది, దాదాపు వార్డు మెట్ల దాకా. అందులోంచి సముద్రం ఒడ్డు ఊరికి చెందిన ఒక జాలరి దిగాడు. నలభై ఏళ్ళుంటాయి. కుడికాలికి చీలమండ పైన ఒకటి, పిక్క మీద ఒకటి, మోకాలి కింద ఒకటి, మూడు చోట్ల వల తాడు బిగించి కట్టి ఉంది. పాదం పూరీలా ఉబ్బింది. వెనకే అతని భార్య, జుట్టు ముడి ఊడిపోయి, ఒక చేత్తో అతన్నీ ఇంకో చేత్తో ఆటోవాడినీ పట్టుకుని దిగింది.

జరిగింది ఆవిడే చెప్పింది. "మొగలి పొద మీద వల ఆరేసినాం బావూ. తెల్లారి తీద్దామని ఈ మావ ఎల్నాడు. వల లాగినాడో లేదో కాలు మీద సురుక్కుమందట. సూత్తే తోకొక్కటే అవుపడిందట. ఏ పామో తెల్దు. బేగి సూడండి బావూ, బేగి!"

డాక్టరుగారు కాలు చూసి, ముందు సెలైన్ పెట్టించి, తాడు విప్పమన్నారు. నేను ముడి పట్టుకుని లాగాను. రాలేదు. డాక్టరుగారు లాగారు. రాలేదు. "కత్తెర," అన్నారు.

ఆ మాట వినగానే మంచం మీద మనిషి లేచి కూర్చున్నాడు. "కొయ్యకండి బావూ! కొత్త నైలాను. నానిప్పుతాను." అని వంగి, వేలితో ఎక్కడో చిన్నగా తోశాడు. ముడి తనంతట తానే ఊడిపోయింది. డాక్టరుగారు నోరు తెరిచి చూసి, "ఒక్కొక్కటే, మెల్లిగా," అన్నారు. "పాము కరిస్తే ఇలా కట్టకూడదయ్యా, కాలు పోతుంది."

"మా తాత కాడ్నుంచీ ఇలగే కడతన్నాం బావూ."

"మీ తాత కాలు ఉందా?"

"తాతే లేడు," అన్నాడు అతను. ఆ తర్వాత అతనికే నవ్వొచ్చింది.

నేను రక్తం తీసి, నా మిలమిలలాడే గొట్టంలో పోసి, గోడ గడియారం చూసుకున్నాను. ఆ ఇరవై నిమిషాలూ భార్య నా వెనకే తిరిగింది. ఆవిడ కన్నవారిది కవిటి దగ్గరట. "మా అన్నకి కిడ్నీలే, మా సిన్నాన్నకి కిడ్నీలే. మా కాడ ఊరంతా అదే గోల. పాము ఇసం కిడ్నీలకి ఎక్కుద్దంట గదా సిస్టరమ్మా? ఈ మావ ఒక్కడే ఇంట్లో గట్టిగున్నాడు. ఈడు కూడా పడితే నానేటవ్వాలి?" తల ఊపాను. తల ఊపడంలో నేను దిట్టను.

ఇరవై నిమిషాలకి గొట్టం వంచాను. రక్తం నీళ్ళలా జారింది.

డాక్టరుగారి ముఖం మారింది. "ఏఎస్‌వీ. పది సీసాలు తియ్యి. ముందు టెస్ట్ డోసు." అప్పట్లో ఏఎస్‌వీ, అంటే ఆ విరుగుడు మందు, ఎక్కించే ముందు కొంచెం చర్మం కింద ఇచ్చి, దద్దు వస్తుందేమోనని అరగంట చూసేవారు. తర్వాతి కాలంలో ఆ పద్ధతి మానేశారు. ఆ రోజు మాత్రం ఆ అరగంటే అన్నిటికీ ఆధారమైంది.

మందు తెల్లటి పొడిగా ఉంటుంది. నీళ్ళు కలిపి, సీసాని అరచేతుల మధ్య మెల్లిగా దొర్లించాలి. కుదిపితే నురగ కడుతుంది. ఒక సీసా తీసి దొర్లిస్తుంటే మంచం మీంచి అడిగాడు, "ఏటమ్మా, పిండి కలుపుతన్నావా?"

"మందు, బాబాయ్."

"దేన్తో సేత్తారది?"

"గుర్రం రక్తంలోంచి," అన్నాను. నాకు తెలిసిన సంగతి ఒకటి ఎవరైనా అడిగితే గొంతు కాస్త పెగులుతుంది.

"ఓలె, ఇన్నావా? గుర్రం రగతవట! రేపట్నుంచి నన్ను తెప్పకి కట్టక్కర్లేదు, బండికి కట్టు."

"నోరు ముయ్ మావా! పేనం మీదకొత్తే ఎకసెక్కాలు," అంది భార్య, కళ్ళు తుడుచుకుంటూ.

చర్మం కింద చుక్క మందు ఇచ్చి, టైము రాసుకుని, అతని మోచేతి దగ్గర దూది మార్చబోయాను. అక్కడ ఆగిపోయాను. దూది పొడిగా ఉంది. కింద ఆవగింజంత ఎర్రచుక్క, అంతే. ఆ పాటికే నేను ఇద్దరు ముగ్గురు రక్తపింజరి రోగుల్ని చూశాను. వాళ్ళకి సూది గుచ్చిన చోటు గంటైనా కారుతూనే ఉండేది. చిగుళ్ళు కూడా. ఇతని చిగుళ్ళు చూపించమన్నాను. తమలపాకుల ఎరుపు తప్ప ఏమీ లేదు. పాదం వైపు చూశాను. తాళ్ళు విప్పాక వాపు పెరగలేదు సరికదా, చర్మం మీద ముడతలు కూడా వచ్చాయి.

అప్పుడు నా చూపు స్టాండులో ఉన్న గొట్టాల మీద పడింది. కీచుమనేంత శుభ్రంగా ఉన్నాయి.

డ్యూటీ గదిలో అట్ట ఊడిన లావుపాటి వైద్య పుస్తకం ఒకటి ఉండేది. పని లేని మధ్యాహ్నాలు దాన్ని నవల చదివినట్టే చదివేదాన్ని. పాముల అధ్యాయం కూడా చదివాను. కానీ నాకో చెడ్డ అలవాటు ఉంది. కథ నడిచే చోట అక్షరం వదలను, వర్ణనల దగ్గర పేజీలు తిప్పేస్తాను. ఏ పాము కరిస్తే మనిషి ఏమవుతాడో అంతా చదివి, గొట్టం ఎలా ఉండాలన్న పేరా దగ్గర తిప్పేశాను. పరుగున వెళ్ళి ఆ పేజీ తీశాను. రెండే వాక్యాలు. గాజు తగిలితేనే రక్తం తోడుకోవడం మొదలవుతుంది. సబ్బుతో కడిగిన గొట్టంలో మంచి రక్తం కూడా తోడుకోకపోవచ్చు, అటువంటి పరీక్ష చెల్లదు.

అలా అని వెంటనే డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తి ఉంటే ఈ రాతకి పనే ఉండేది కాదు. కానీ నేను నేనే కదా. నా మాట తప్పయితే? నిజంగానే విషం ఎక్కి ఉంటే? నా పిచ్చి అనుమానంతో మందు ఆపించి, అతని కిడ్నీలు పోతే? రోగిని మళ్ళీ పొడవాలంటే ఎందుకో అతని భార్యకి చెప్పాలి. చెప్పాలంటే నోరు విప్పాలి. నాకు నోరు విప్పడం కంటే సూది గుచ్చుకోవడం తేలిక.

ఆయా వరండాలో ఎవరితోనో తగువు పడుతోంది. బీరువా అడుగు అరలోంచి ఆవిడ మూడు గొట్టాల్లో ఒకటి తీశాను. నా సబ్బు గొట్టం ఒకటి తీశాను. డ్రెస్సింగ్ గదిలో ఆకుపచ్చ తెర లాగి, రిబ్బను పళ్ళతో బిగించి, ఎడమచేతి నరంలోకి సూది దించాను. రెండు గొట్టాల్లోనూ సమంగా పోశాను. ఫ్యాను గాలికి తెర ఒకసారి కదిలింది. ఎవరూ రాలేదు. గొట్టాలు రెండూ దూది డబ్బాల వెనక నిలబెట్టి, ఏమీ ఎరగనట్టు వార్డులోకి వచ్చాను.

ఆ ఇరవై నిమిషాల్లో అతని చేతి మీద దద్దు వచ్చిందేమోనని నాలుగుసార్లు చూశాను, గడియారం నలభైసార్లు చూశాను. దద్దు రాలేదు. అంటే మందు ఎక్కించడానికి అడ్డేమీ లేదు. డాక్టరుగారు ఓపీలోంచి వచ్చేస్తారు.

టైము అవగానే తెర వెనక్కి వెళ్ళి వంచి చూశాను. ఆయా గొట్టంలో నా రక్తం గట్టిగా తోడుకుని, వంచినా కదల్లేదు. నా గొట్టంలో నా రక్తమే నీళ్ళలా జారింది. ఏ పామూ కరవని ఇరవై రెండేళ్ళ పిల్ల రక్తం! ఆ క్షణంలో నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

డాక్టరుగారు ఓపీ నుంచి వస్తూ ఎదురయ్యారు. నోరు తెరిచాను. ఏమీ రాలేదు. సంచిలోంచి డైరీ తీసి, వెనక పేజీ చింపి రాశాను. "సార్, నిన్న గొట్టాలు నేనే సబ్బుతో కడిగాను. అందుకే రక్తం తోడుకోలేదేమో. తప్పు నాది. దయచేసి కొత్త గొట్టంలో మళ్ళీ చూడాలి." కింద సంతకం కూడా పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివారు. "సంతకం చూసి సెలవు చీటీ అనుకున్నాను," అన్నారు. కానీ నవ్వలేదు. "నీకెలా తెలిసింది?"

"పుస్తకంలో ఉంది సార్." పేజీ నంబరు కూడా చెప్పాను. నా రెండు గొట్టాల మాట చెప్పలేదు. అప్పటికే మోచేతి దగ్గర యూనిఫాం కిందకి లాక్కున్నాను.

ఆయన మూడో మంచం దాకా వెళ్ళి, దూది ఎత్తి చూశారు, పాదం నొక్కి చూశారు, చిగుళ్ళు చూశారు. తర్వాత స్టోరు తాళం తెప్పించి, కొత్త గొట్టాల పెట్టె విప్పించారు. "మళ్ళీ తియ్యి. ఇరవై నిమిషాలు. మిగతా తొమ్మిది సీసాలూ బల్ల మీద పెట్టుకో. తోడుకోకపోతే ఒక్క నిమిషం కూడా ఆగేది లేదు." నావైపు తిరిగి మెల్లిగా అన్నారు, "అతని మందుని నీ చీటీ మీద ఆపుతున్నాను. తెలుసుగా?"

తెలుసు. సూది చేతిలోకి తీసుకున్నాను.

మళ్ళీ సూది చూడగానే భార్య అడ్డంగా నిలబడింది. "మళ్ళీ రగతమెందుకు? మందు ఏదీ? అరగంటలో ఎక్కిత్తామన్నారు గదా?"

"మొదటి పరీక్ష సరిగ్గా రాలేదమ్మా," అన్నారు డాక్టరుగారు. "గొట్టానికి సబ్బు అంటింది."

"సబ్బా!" ఆ కేక రోడ్డు మీద బస్సు దాకా వినిపించి ఉంటుంది. "మా మావకి ఇసం ఎక్కుతుంటే సబ్బంటారేటి బావూ? పది సీసాలు ఉన్నాయన్నారు, ఇందాకే ఈ సెవుల్తో ఇన్నాను. మాకు ఇవ్వడం ఇట్టం లేక కాదేటి? సేపలోళ్ళమని కాదేటి? ఇంకెవులో పెద్దోళ్ళ కోసం దాసినారు కాదేటి?"

డాక్టరుగారిని అప్పుడే ఓపీలో కాన్పు కేసు కోసం పిలిచారు. ఆయన నావైపు చూసి, "నువ్వు చెప్పు," అని వెళ్ళిపోయారు.

వార్డంతా నన్నే చూస్తోంది. ఆయా కూడా గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేను నోరు తెరిచాను, ఈసారి మాటలు వచ్చాయి. ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదు. గొట్టాలు నేనే కడిగానని చెప్పాను. గాజుకి, సబ్బుకి, రక్తానికి ఉన్న సంబంధం చెప్పాను. విషం లేనివాళ్ళకి ఆ మందు ఎక్కిస్తే దురదలు, ఆయాసం, ఒక్కోసారి ప్రాణం మీదకి కూడా వస్తుందని చెప్పాను. విషం ఉందంటే తొమ్మిది సీసాలూ అతనివే, ఇవిగో బల్ల మీదే ఉన్నాయి, వేరే ఎవరికీ ఇవ్వనని చెప్పాను. ఇరవై నిమిషాలు నన్ను నమ్మమని చెప్పాను. మధ్యలో నాకే తెలియని ఇంగ్లీషు మాటలు కూడా వాడాను. నా జీవితంలో అంతసేపు నేను మాట్లాడటం అదే మొదలు.

ఆవిడ నా ముఖం చూసింది. నా చేతుల వైపు చూసింది. ఒక్కసారిగా చతికిలబడి మంచం కోడు పట్టుకుని కూర్చుంది. "సరే. తియ్యి," అంది.

నా వాక్చాతుర్యానికి నేనే ఆశ్చర్యపోయాను. నా మాటతో ఒక మనిషిని ఒప్పించాను! రక్తం తీశాను. కొత్త గొట్టంలో పోసి మంచం పక్క స్టూలు మీదే, అందరి కళ్ళ ముందూ పెట్టాను. ఆయా ఎవరినీ ఆ పక్కకి రానివ్వలేదు. "గాలి తగల్నీకండి. కదల్నీకండి. ఒరే, నువ్వు దగ్గకు!" జాలరి మాత్రం కళ్ళు మూసుకుని పడుకున్నాడు. అతని పెదాలు కదులుతున్నాయి. అప్పటిదాకా అతనికి భయం లేదనుకున్నాను.

టైము అయింది. గొట్టం ఎత్తాను. వంచాను. ఇంకా వంచాను. రక్తం కదల్లేదు. పూర్తిగా తలకిందులు చేశాను. ఎర్రటి జున్నుముక్కలా అలాగే ఉండిపోయింది.

"ఏటి? ఏటయింది?" అంది భార్య.

"తోడుకుంది," అన్నాను. "విషం లేదు. రక్తంలో లేదు."

ఆయా చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత నా చెవి దగ్గరికి వచ్చి, "నా మూడు గొట్టాల్లో ఒకటి తగ్గింది. ఎవులు తీసినారో?" అంది. నేను తల వంచుకున్నాను. అదొక్కటీ ఆవిడకి ఎప్పటికీ తెలియలేదు, తెలిసినా ఊరుకుందేమో.

అంతటితో అయిపోలేదు. రక్తం తోడుకున్నంత మాత్రాన నాగుపామో కట్లపామో కాదని చెప్పలేం, వాటి విషం నరాలకి పడుతుంది. పైగా రక్తపింజరి విషమైనా ఆలస్యంగా ఎక్కవచ్చు. అందుకని సాయంత్రం దాకా గంట గంటకీ అతని కనురెప్పలు వాలుతున్నాయేమో చూడాలి, మళ్ళీ ఊపిరి తీసుకోకుండా ఎంతవరకు లెక్కపెట్టగలడో చూడాలి. నా డ్యూటీ రెండింటికి అయిపోయింది. నేను వెళ్ళలేదు.

"ఒకే ఊపిరిలో లెక్కపెట్టండి, బాబాయ్."

"అంకెలా, సేపలా?"

"మీ ఇష్టం."

"వంజరం, పండుగప్ప, కోనం, సందువా, రొయ్య, కవళ్ళు..." ఒక్క ఊపిరిలో ఇరవై రెండు రకాలు చెప్పాడు. తర్వాతి గంట ఇరవై నాలుగు. ఆ పైగంట భార్య సవరించింది, "పీత సేప కాదు మావా, కొట్టీ." కేసు షీటులో నేను "శ్వాస బాగుంది" అని మాత్రమే రాశాను.

అసలు కష్టం మూత్రం దగ్గర వచ్చింది. కిడ్నీల కోసం ఎంత పోశాడో, ఏ రంగులో ఉందో చూడాలి. తండ్రి వయసు మనిషిని ఆ మాట ఎలా అడగాలో తెలియక, చీటీ రాశాను. అతను చీటీ తిప్పి తిప్పి చూసి, "నాకు సదువు రాదమ్మా," అన్నాడు. భార్య నా చేతిలోని సీసా చూసి విషయం గ్రహించి, "మావా, అందులో పొయ్యి. సిస్టరమ్మ సిగ్గుపడతంది," అంది వార్డంతా వినపడేలా. రంగు బాగానే ఉంది. ఆవిడ ఆ సీసాని కిటికీ వెలుతురులో ఎత్తి చూసింది, కళ్ళకద్దుకోవడం ఒక్కటే తక్కువ.

సాయంత్రం పరీక్ష, మర్నాటి పొద్దుటి పరీక్ష, రెండింట్లోనూ రక్తం తోడుకుంది. ఏ విషంలేని పామో కరిచి ఉంటుందన్నారు డాక్టరుగారు. ఆయన తన వంకర అక్షరాలతో ఒక కాగితం రాసి గొట్టాల స్టాండు పైన గోడకి అంటించారు. "కొత్త గొట్టాలే వాడాలి. సబ్బు తగలకూడదు." నన్ను తిట్టలేదు. "ఈ కాగితానికి సంతకం నువ్వు పెట్టు," అన్నారు, అంతే.

ఆ వాడని తొమ్మిది సీసాల కథ కూడా చెప్పాలి. పదిరోజుల తర్వాత జీడితోటలో కరిచిన రక్తపింజరితో సహా ఒక ఆడపిల్లని తెచ్చారు. ఆ తొమ్మిదీ, కొత్తగా వచ్చిన స్టాకులోంచి ఇంకొన్నీ ఆమెకి పట్టాయి. వారం తర్వాత నడుచుకుంటూ ఇంటికి వెళ్ళింది. ఆమె రక్తం పట్టిన గొట్టం కొత్తది.

జాలరి బుధవారం మధ్యాహ్నం డిశ్చార్జి అయ్యాడు. తన తాళ్ళు మూడూ చక్కగా చుట్టుకుని భుజాన వేసుకున్నాడు. ఆటో గేటు దగ్గర నిలబడి ఉంది. అతను ఎక్కి కూర్చున్నాక, భార్య ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వచ్చింది. నేను వరండా స్తంభం పక్కన నిలబడి ఉన్నాను. నిన్నటి నా ఉపన్యాసానికి ఏదైనా మెచ్చుకోలు చెబుతుందేమోనని లోలోపల ఆశగా ఉంది.

ఆవిడ అటూ ఇటూ చూసి, నా ఎడమచేతి యూనిఫాం అంచు మెల్లిగా పైకి జరిపింది. మోచేతి మడతలో నల్లబడిన చిన్న మచ్చ ఉంది. దాని మీద బొటనవేలు ఆనించి అంది:

"నిన్న నువ్వేటేటో సదివినట్టు సెప్పినావు, నాకొక్క ముక్క తెల్లేదు తల్లీ. మంచినీళ్ళకొచ్చి, తెర సందులోంచి సూసినాను, నీ సెయ్యి నువ్వే పొడుసుకుని గొట్టాల్లో పోత్తన్నావు. మా మావ కోసవే గదా అనుకుని కూకున్నాను. ఎవులికీ సెప్పన్లే, పోయొత్తాను."